అడుగులకు అరిసెలు పంచాం, మరి ఆ తర్వాత?

ప్రశ్న: మా పాపకి మొన్న మే 12న ఎనిమిదేళ్ళు నిండాయి. బాబుకి ఏప్రిల్ 20న నాలుగు నిండాయి. ఇద్దరి పుట్టినరోజులూ ఎండాకాలంలోనే వస్తాయి. అప్పటికి స్కూలు స్నేహితులు ఊళ్ళకి వెళ్ళిపోతారు. ఆ నెలరోజులూ ఇల్లు సందడిగా ఉంటుంది, తర్వాత ఏడాదంతా ఏమీ ఉండదు. పండగలొస్తే మేం వంటింట్లో, వాళ్ళు టీవీ ముందు. 'మనింట్లో మళ్ళీ ఫంక్షన్ ఎప్పుడమ్మా?' అని పాప అడుగుతూనే ఉంటుంది. ఇద్దరం ఉద్యోగస్తులం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు. మా అమ్మావాళ్ళు విజయవాడలో ఉంటారు. ఏడాది పొడుగునా పిల్లల కోసం చిన్నచిన్న వేడుకలు చేయాలని ఉంది. ఏ సందర్భాలు ఎంచుకోవాలి? అస్తమానూ చేస్తుంటే గిఫ్టులకి అలవాటుపడిపోతారని మావారి భయం.
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: సందర్భాల కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. మీ పిల్లలు నెలల బిడ్డలుగా ఉన్నప్పుడు మీ పెద్దవాళ్ళు ఏం చేశారో గుర్తు చేసుకోండి. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులొస్తే పంచదార చిలకలు. జాబితా ఇంటింటికీ కాస్త మారుతుంది గానీ పద్ధతి ఒకటే: బిడ్డ కొత్తగా ఒక పని చేస్తే, ఆ పని పేరుతో అక్షరం కలిసే పిండివంట చేసి ఇరుగుపొరుగుకి పంచడం. తెలంగాణలో బొబ్బట్లు భక్ష్యాలైనా ఇబ్బంది లేదు, బకారానికీ భకారానికీ యతి చెల్లుతుంది. విచిత్రమేమిటంటే, బిడ్డకు ఏడాది నిండి నడకా మాటా రాగానే ఈ వరస ఆగిపోతుంది. అప్పటిదాకా ఏం జరుగుతోందో వాళ్ళకి తెలియదు. తెలిసే వయసు వచ్చేసరికి మనం మానేస్తాం. మీరు చేయాల్సిందల్లా దాన్ని ఆగిన చోటినుంచి మళ్ళీ మొదలుపెట్టడం.

మీ ఇద్దరి వయసుకీ సరిపోయేవి కొన్ని చెబుతాం. పాల పన్ను ఊడితే పాలకోవా. మెత్తగా ఉంటుంది, బోసి చిగురుకి హాయి. పక్క చక్రాల్లేకుండా సైకిల్ తొక్కితే సున్నుండలు. గడియారం చూసి టైము చెబితే గవ్వలు. ఎవరి సాయమూ లేకుండా ఒక కథల పుస్తకం చివరిదాకా చదివితే చెగోడీలు. అమ్మమ్మకి సొంతంగా ఉత్తరం రాస్తే ఉండ్రాళ్ళు. మీవాడికైతే చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్న రోజున బొరుగుల ఉండలు. ఈత వస్తే? 'ఈ'తో మొదలయ్యే పిండివంట ఒక్కటీ తట్టదు. ఇ, ఈలకూ యతి చెల్లుతుంది కాబట్టి ఇడ్లీలతో సరిపెట్టుకోండి. పిల్లలు దానికే ఎక్కువ నవ్వుతారు. అసలు ఏ పనికి ఏ వంట అన్నది పాపనే తేల్చమనండి. ఒక కాగితం మీద పనులు ఒకవైపు, వంటలు ఒకవైపు రాసి ఫ్రిజ్‌కి అంటిస్తే ఆ వెతుకులాటే ఒక సాయంత్రం ఆటవుతుంది.

ఇందులో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో ముందే చెప్పాలి. మొదటిది, మార్కులకీ ర్యాంకులకీ వేడుక చేయకండి. ఈసారి తొంభై వచ్చాయని లడ్డూలు పంచితే, వచ్చేసారి డెబ్బై వచ్చినప్పుడు లడ్డూ లేకపోవడమే శిక్ష అవుతుంది. సైకిలూ ఈతా అలా కాదు, ఒకసారి వస్తే పోవు. ఇంకెవరితోనూ పోల్చే పని లేదు. రెండోది, 'నువ్వు ఫలానాది చేస్తే ఫలానాది చేసిపెడతా' అని ముందుగా బేరం పెట్టకండి. అది లంచం అవుతుంది. పని అయ్యాక చేస్తే వేడుక. ఫ్రిజ్ మీది జాబితాలో కూడా వాళ్ళకింకా రాని పనులకి తేదీలు రాయొద్దు. మూడోది ఆలస్యం. నాలుగేళ్ళవాడికి వారం తర్వాత ఇస్తే అది ఎందుకో తెలియదు. రెండు మూడు రోజుల్లో జరిగిపోవాలి. వండే తీరిక లేకపోతే స్వీటు షాపు నుంచి పావుకిలో తెచ్చినా తప్పులేదు.

సున్నుండలైతే ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు, రెండు మూడు వారాలు నిలవుంటాయి. పావుకిలో మినప్పప్పు, 200 గ్రాముల బెల్లం, 125 గ్రాముల నెయ్యి. పప్పుని సన్నటి సెగ మీద 15 నుంచి 20 నిమిషాలు కలుపుతూనే వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైన ఎర్రబడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అలాంటి ఉండ నోట్లో అంగిలికి అంటుకుపోతుంది, పిల్లలు మళ్ళీ ముట్టరు. పప్పు పూర్తిగా చల్లారాకే పిండి పట్టి, బెల్లం తురుము వేసి ఇంకోసారి తిప్పండి. నెయ్యి మాత్రం గోరువెచ్చగా ఉండాలి. ఉండ విచ్చిపోతుంటే ఇంకో చెంచా నెయ్యి పోస్తే చాలు.

ఇక మావారి భయం అన్నారు. ఆయన భయపడేది సబబే, కానీ దానికి మందు వేడుకలు తగ్గించడం కాదు, వేడుకకీ గిఫ్టుకీ ముడి తెంచడం. కొత్త బట్టలూ కేకూ గిఫ్టులూ పుట్టినరోజుకే. మిగతా వేటికీ అవి ఉండవని మొదట్లోనే చెప్పేయండి, ఒక్కసారి కూడా సడలించకండి. 'పాపం, చిన్నదే కదా' అని ఒక బొమ్మ కొన్నారంటే తర్వాతి వేడుక దగ్గర అదే మొదటి ప్రశ్న అవుతుంది. ఒక వంట, చేతులతో చేసే ఒక పని, గంటన్నర సమయం. ఇంతకు మించితే ఉద్యోగాలు చేసుకునే ఇంట్లో మూడో నెలకే మూలపడుతుంది. ఏడాదికి పదీ పన్నెండు చాలు. ఇది మామూలు సాయంత్రం కాదని పిల్లలకి తెలియడానికి ఒక గుర్తు పెట్టుకోండి: గుమ్మం ముందు ముగ్గు పిల్లలే వేయాలి. బాబుకి మూడు చుక్కల ముగ్గు, సుద్దముక్కతో.

ఇంకో సంగతి. అక్క పన్ను ఊడిన రోజున తమ్ముడు ఏడుస్తాడు. వాడికోసం లేని ఘనత కల్పించి ఇంకో పళ్ళెం పెట్టకండి, పాపకి అది అన్యాయంగా తోస్తుంది. వాడికి పెద్దరికం ఇవ్వండి. పక్క ఫ్లాట్లకి డబ్బా పట్టుకెళ్ళి పంచేది వాడే, ఎవరికి ముందివ్వాలో చెప్పేదీ వాడే.

పనుల సంగతి అయింది, ఇప్పుడు లెక్కలు. మీ పుట్టినరోజుల ఇబ్బందికి సులువైన విరుగుడు అర పుట్టినరోజు: బాబుకి అక్టోబరు 20, పాపకి నవంబరు 12. దసరా, దీపావళి సెలవులు కలిసి రాకపోతే బళ్ళు తెరిచి ఉంటాయి, స్నేహితులు ఊళ్ళోనే ఉంటారు. అన్నీ సగమే: సగం వెలిగించిన కొవ్వొత్తులు, సగానికి కోసిన అరిసెలు, పిలిచేది ముగ్గురు నలుగురినే. పాతకాలం వాళ్ళు పుట్టినరోజుని తిథిని బట్టి చేసేవారు కదా, అదీ ఉందిగా అనుకోవచ్చు. కానీ అది మీ ఇబ్బంది తీర్చదు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు కాబట్టి తిథి ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరిగి, అధికమాసం వచ్చినప్పుడు మళ్ళీ వెనక్కి వస్తుంది. ఎటు జరిగినా అసలు పుట్టినరోజుకి ఇటూ అటూ నెలరోజుల లోపే తిరుగుతుంటుంది.

దానికంటే రోజుల లెక్క బాగుంటుంది. మీ పాప పుట్టిన 3000వ రోజు ఎప్పుడో తెలుసా? ఎనిమిదేళ్ళంటే రెండు లీపు రోజులతో కలిపి 2922 రోజులు. ఇంకో 78 కలిపితే జూలై 29. అంటే ముందున్నది అదే. ఎనిమిదేళ్ళ పిల్లకి మూడువేలు అన్న సంఖ్య ఎంతో కంటికి చూపించాలంటే శనగలు మంచి సాధనం. మూడువేలూ లెక్కపెట్టమనకండి, మూడొందల దగ్గరే విసుగొస్తుంది. ఒక వంద లెక్కపెట్టించి వంటింటి త్రాసులో తూచండి. మామూలు ఎర్ర శనగలైతే 20 గ్రాముల దగ్గర తూగుతాయి, రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. దాన్ని ముప్పైతో గుణించమంటే ఆరొందల గ్రాములు. అన్ని శనగలు ఒక పళ్ళెంలో పోసి 'ఇందులో ఒక్కొక్కటీ నువ్వు బతికిన ఒక్కో రోజు' అని చెప్పండి. చేతులు పెట్టి కలుపుతూ కూర్చుంటుంది. ఆ తర్వాత అవే గుగ్గిళ్ళు. నానితే దాదాపు రెట్టింపు బరువవుతాయి, చిన్న కప్పులతో పంచితే పదిహేను ఇరవై మందికి సరిపోతాయి. మీవాడి 2000వ రోజు వచ్చే ఏడాది అక్టోబరు 11కి ఒకరోజు అటో ఇటో పడుతుంది. అప్పటికి వాడూ వందదాకా లెక్కపెడతాడు.

ఆకాశం ఇచ్చే పండగలు రెండున్నాయి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా ఉన్న వస్తువుకి నీడ కనబడదు. మే 9న సుమారు 12:12కి, ఆగస్టు 3న సుమారు 12:23కి. డాబా మీదకి ఒక స్టీలు గ్లాసు తీసుకెళ్ళి నిలబెట్టండి. పైనా కిందా ఒకే వెడల్పున్న గ్లాసు కావాలి. అంచు విచ్చుకున్నదైతే ఆ అంచు నీడ పడి తమాషా చెడుతుంది. నేల వాలుగా ఉన్నా అంతే, నీళ్ళు పోవడానికి డాబాలకి వాలు పెడతారు కాబట్టి ఒక పీట వేసి సరిచూసుకోండి. ముప్పావుగంట ముందునుంచి ఐదేసి నిమిషాలకోసారి నీడ కొసని సుద్దతో గుర్తు పెట్టమంటే, నీడ గ్లాసు కిందికి దూరిపోవడం వాళ్ళే పట్టుకుంటారు. సూర్యుడి వంక చూడనివ్వకండి, ఆట అంతా నేలమీదే. ఆగస్టులో మబ్బు పట్టే అవకాశం ఎక్కువ, అందుకని పెద్ద ఏర్పాట్లు మేకి దాచుకోండి. పైగా అది పాప పుట్టినరోజుకి మూడు రోజుల ముందు. విజయవాడలో మేలో ఇది ఇంకో మూడు రోజులు ముందే వస్తుంది, మే 6 ప్రాంతంలో. అమ్మమ్మగారిని వాళ్ళ డాబా మీదనుంచి వీడియో కాల్ చేయమనండి. ముందు అక్కడ నీడ మాయం, తర్వాత ఇక్కడ. ఢిల్లీలో చుట్టాలుంటే వాళ్ళకి ఎప్పటికీ రాదని తెలిశాక మీ పాప ఆ సంగతి స్కూలంతా చెబుతుంది.

చివరికి పంచాంగం. గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్‌లో పిల్లల పనులున్న తిథులు చాలానే ఉన్నాయి. పెద్దల పూజలో పిల్లల్ని కూర్చోబెట్టడం వేడుక కాదు. పిల్లలకే ఒక పని ఉన్నవాటిని ఏరుకోవాలి. తిథి పని దినాన పడితే ఆ రోజు దీపం పెట్టి, ఆట మాత్రం దగ్గర్లోని ఆదివారానికి జరపండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు రాబోయేది ఆషాఢం. శుభకార్యాలుండవు, ఊళ్ళో బోనాల సందడి, ఇంట్లో గోరింటాకు. కోన్ కొనకుండా ఆకే రుబ్బండి. రెండు గుప్పెళ్ళ ఆకుకి రెండు శనగగింజలంత చింతపండు, నీళ్ళు వీలైనంత తక్కువ. జారుగా ఉంటే కారిపోతుంది, పండదు. రాత్రి పెడితే పక్కబట్టలు పాడవుతాయి. శనివారం నాలుగింటికి పెట్టి ఏడున్నరకి తీసేయండి. ఆ మూడున్నర గంటలూ చేతులు కట్టేసినట్టే కాబట్టి కథ చెప్పేవాళ్ళూ అన్నం కలిపి నోట్లో పెట్టేవాళ్ళూ కావాలి. అసలు సరదా అదే. బాబుకి అరచేతిలో ఒక చందమామ, వేళ్ళకి టోపీలు చాలు. తీసిన వెంటనే సబ్బుతో కడగకుండా కొబ్బరినూనె రాస్తే మర్నాటికి రంగు ముదురుతుంది. నల్లగా పండే కోన్లు మాత్రం పిల్లలకి వద్దు. వాటిలో తరచు పీపీడీ అనే జుట్టురంగు రసాయనం కలుపుతారు, చర్మం బొబ్బలెక్కుతుంది.

అదే నెలలో నాలుగు కుండీల్లో బంతి విత్తనాలు వేయించండి. అర సెంటీమీటరు లోతు చాలు. పిల్లలు వేలు మొత్తం దింపి పాతేస్తారు, అందుకే మొలవవు. రోజుకి ఐదారు గంటల ఎండ తగిలే బాల్కనీ అయితే రెండు నెలల్లో పూస్తాయి. జూలై మధ్యలో వేసినవి బతుకమ్మ వేళకి అందుతాయి. తంగేడూ గునుగూ బజార్లో కొన్నా, బతుకమ్మ నడినెత్తిన పెట్టే బంతిపువ్వు మాది అని పాప చెప్పుకోవచ్చు.

ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్ది. ఆడపిల్లల పండగే అయినా ఉయ్యాలకి తమ్ముడు కూడా పనికొస్తాడు. తెల్లవారుజామున లేపి అన్నం పెట్టడం మీ ఇంట్లో సాగకపోతే సాయంత్రం నుంచే మొదలుపెట్టండి: పార్కులో ఉయ్యాల, ఇంటికొచ్చి అట్లు, చంద్రుడి కోసం డాబా. తదియ చంద్రుడు రాత్రి ఎనిమిది ప్రాంతంలో పైకొస్తాడు. ఎదురుగా ఎత్తైన భవనాలుంటే ఇంకో అరగంట పడుతుంది. అందుకని అట్లు ముందే తినిపించేయండి. ఆకలితో చంద్రుడి కోసం కాచుకునే నాలుగేళ్ళవాడు వేడుకని యుద్ధం చేస్తాడు.

దీపావళికి టపాకాయల ముందు గోగు కాడలకి నూనెగుడ్డ వత్తులు చుట్టి 'దివ్వి దివ్వి దీపావళి' అంటూ తిప్పించే అలవాటు ఆంధ్ర వైపు చాలా ఇళ్ళలో ఉంది. ఆ రెండు మూడు రోజులూ బజార్లో కాడలు దొరుకుతాయి. బాల్కనీలో వద్దు, కింద ఖాళీస్థలంలో చేయండి. నూలు బట్టలు వేయండి, వత్తిలో నూనె కారకుండా పిండండి, బాబు చెయ్యి మీ చేతిలో ఉండాలి. తర్వాత కాళ్ళు కడిగి తీపి తినిపిస్తే సరి. కార్తీకంలో ఒక ఆదివారం ఉసిరిచెట్టు కింద పులిహోర డబ్బాతో వనభోజనం. దీనికి వేరే చెప్పేదేమీ లేదు, చెట్టెక్కడుందో ముందే చూసుకోండి.

భోగిపళ్ళు మీవాడికి ఇంకో ఏడాదో రెండేళ్ళో పోస్తారు, వదలకండి. అరకిలో రేగిపళ్ళు, రూపాయి బిళ్ళలు ఒక ఇరవై, బంతి రేకలు, చెరుకు ముక్కలు, నానిన శనగలు. పిలిచిన పిల్లల్లో మూడేళ్ళలోపు వాళ్ళుంటే పోయడం అయిన వెంటనే నేలంతా ఊడ్చేయండి. రేగిగింజా బిళ్ళా గొంతుకి అడ్డం పడతాయి. పాపకి ఆ వయసు దాటింది కాబట్టి దోసిట్లో పళ్ళు తీసి తమ్ముడి చుట్టూ దిష్టి తిప్పే పని ఆమెది.

మాఘంలో రథసప్తమి. చిక్కుడుకాయల రథం చేయడానికి ఎనిమిదేళ్ళు సరైన వయసు. వంకరలేని ముదురు కాయలు, చీపురు పుల్లలు, రెండు చిక్కుడాకులు. రెండు కాయల్ని పక్కపక్కన పెట్టి అడ్డంగా రెండు పుల్లలు గుచ్చితే అడుగు తయారవుతుంది. నాలుగు మూలలా పుల్లలు నిలబెట్టి పైన ఆకు కప్పాలి. గింజ ఉన్నచోట గుచ్చితే పుల్ల గట్టిగా నిలుస్తుంది, బోలుగా ఉన్నచోట గుచ్చితే కాయ చీలి రథం కూలుతుంది. లేత కాయలతో అసలు కుదరదు. చిక్కుడాకులో వేడి పరమాన్నం పెట్టిస్తే ఆ వాసన గుర్తుండిపోతుంది. తలమీద జిల్లేడాకులు పెట్టి స్నానం చేయించే ఆచారం ఉన్నవాళ్ళు ఒక్క జాగ్రత్త పాటించాలి: తుంచినచోట కారే పాలు కంట్లో పడితే ప్రమాదం, పాలు పూర్తిగా ఆరిపోయి కడిగిన ఆకులే వాడండి.

ఉగాదికి పచ్చడిలో వేపపూత దూసేదీ, శ్రీరామనవమికి పానకం కలిపేదీ పిల్లలే కావాలి. లీటరు నీళ్ళకి 150 గ్రాముల బెల్లం, అర చెంచా మిరియాల పొడి, నాలుగు యాలకులు. పిల్లలకైతే మిరియాలు ఇంకా తగ్గించండి. ఇక్కడితో చైత్రం, ఆ వెంటనే మీ పుట్టినరోజులు.

ఇవన్నీ మొదటి ఏడాదే చేయబోకండి. ఈ ఏడాదికి జూలై 29నీ, గోరింటాకునీ, రెండు అర పుట్టినరోజుల్నీ, భోగిపళ్ళనీ, రథాన్నీ పెట్టుకోండి. మధ్యలో పన్నులూ సైకిలూ ఎలాగూ వాటంతటవే వస్తాయి. జూలై 28 సాయంత్రం శనగలు తూకం వేసి, పడుకునే ముందు నానబోయండి. ఎనిమిది నుంచి పది గంటలు చాలు, వానాకాలం కాబట్టి అంతకంటే ఉంచితే జిగురొస్తుంది. పొద్దున ఉప్పు వేసి కుక్కర్‌లో నాలుగు కూతలు రానిచ్చి, నీళ్ళు వంచి ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకి వెళ్ళండి. సాయంత్రం తాలింపు పెట్టడం ఐదు నిమిషాల పని.